నిద్రలో రక్తపుపోటును ఎవరు చూస్తున్నారు?

మీ రక్తపుపోటు ఎంత అని అడిగితే మీలో చాలామంది తడుముకోకుండా ఒక సంఖ్య చెబుతారు. అది ఏ వేళ చూసినది అని అడిగితే కొంచెము ఆలోచించి, ఉదయము పదింటికి డాక్టరు గారి గదిలో అంటారు. నిద్రలో ఎంత ఉంటుంది అని అడిగితే మాత్రము నవ్వి ఊరుకుంటారు. నిద్రపోయే మనిషికి రక్తపుపోటు ఎవరు చూస్తారండీ అని ఆ నవ్వునకు అర్థము.

వృత్తిలో ఉండగా నేను కూడ చాలా సంవత్సరములు ఆ ప్రశ్న వేయలేదు. కోస్తా జిల్లాలో ఒక చిన్న పట్టణములో ప్రాక్టీసు చేసే రోజులలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు నెలనెలా నా దగ్గరకు వచ్చేవారు. వయస్సు 58. మధుమేహము, రక్తపుపోటు రెండూ ఉన్నాయి. మందులు ఒక్క పూట కూడ తప్పేవారు కాదు. తెల్లవారి ఆరింటికి బిళ్ళ వేసుకొని, బడికి వెళ్ళే దారిలో తొమ్మిదింటికి నా గదికి వచ్చేవారు. ఎప్పుడు చూసినా 128/80, కాకపోతే 130/80. “మాస్టారూ, మా రోగులలో మీది మొదటి ర్యాంకు” అని మెచ్చుకొనేవాడిని.

ఒకనాటి రాత్రి రెండు గంటలకు ఊపిరి ఆడని స్థితిలో ఆయనను ఆసుపత్రికి తీసుకువచ్చారు. ఊపిరితిత్తులలో నీరు చేరింది. ప్రాణము దక్కింది. తరువాత ఎకోకార్డియోగ్రాము తీస్తే గుండె ఎడమ జఠరిక గోడలు దళసరి అయి, బిరుసెక్కి కనిపించాయి. అటువంటి మార్పు ఒక్క రోజులో రాదు. ఏళ్ళ తరబడి అధిక పీడనమునకు ఎదురు నెట్టుకుంటూ పనిచేసిన గుండెకు వస్తుంది. నా పుస్తకము తిరగవేస్తే ఏళ్ళ తరబడి 128/80 అనే ఉన్నది.

వరండాలో ఆయన భార్య నాతో అన్న మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి. “డాక్టరు గారూ, బిపి అదుపులో ఉన్నదని మీరు ప్రతి నెలా అంటారు. రాత్రి ఈయన గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా ఊపిరి ఆపేస్తారు. నేను భయపడి భుజము కుదిపి లేపుతాను. పాసుకని నాలుగైదు సార్లు లేస్తారు. మీరు ఎప్పుడూ అడగలేదు, ఆయన ఎప్పుడూ చెప్పలేదు.”

కోలుకున్న తరువాత మాస్టారిని నగరమునకు పంపి 24 గంటల రక్తపుపోటు పరీక్ష చేయించాను. మెలకువగా ఉన్నప్పుడు సగటు 134/82. నిద్రలో సగటు 156/90. నేను చూసిన మనిషి, రాత్రి మంచము మీద పడుకున్న మనిషి రక్తపుపోటు విషయములో ఇద్దరు వేరు వేరు వ్యక్తులు. అప్పటి నుండి నా అభిప్రాయము స్థిరపడింది. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి, గురక, లేదా పగటి కొలతకు పొంతన లేకుండా గుండె గోడలు పెరగడము, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, రాత్రి పీడనము చూడకుండా “అదుపులో ఉన్నది” అనే మాట వైద్యుడు అనకూడదు, రోగి నమ్మకూడదు.

ఇందులోని శరీర ధర్మము తెలుసుకుంటే నా పట్టుదల మీకు అర్థమవుతుంది. మనము మేలుకొని ఉన్నంతసేపు మనలను ఉరుకులు పెట్టించే సహవేదన నాడీమండలము చురుకుగా ఉంటుంది. నిద్ర పట్టగానే అది శాంతిస్తుంది. గుండె వేగము తగ్గుతుంది, రక్తనాళములు సడలుతాయి, రక్తపుపోటు పగటి కంటె 10 నుండి 20 శాతము వరకు దిగుతుంది. పగలు పై అంకె 130 ఉన్న మనిషికి నిద్రలో అది 104కు 117కు మధ్య ఉండాలన్న మాట. గుండెకు ఆదివారములు లేవు, పండుగ సెలవులు లేవు. దానికి ప్రకృతి ఇచ్చిన విశ్రాంతి ఈ కొన్ని గంటల దిగుదల మాత్రమే.

కొందరిలో ఈ దిగుదల 10 శాతము కంటె తక్కువ ఉంటుంది. ఐర్లండు వైద్యుడు ఓబ్రయన్, ఆయన సహచరులు 1988లో లాన్సెట్ పత్రికలో ఇటువంటివారికి నాన్-డిప్పర్స్ అని పేరు పెట్టారు. మనము దిగనివారు అందాము. మరికొందరిలో రాత్రి పీడనము దిగకపోగా పగటి కంటె పైకి ఎక్కుతుంది. మా మాస్టారు ఆ కోవకు చెందినవారు. వైద్యులకు ఈ సంగతి ఇంత ఆలస్యముగా తెలియడములో ఆశ్చర్యము లేదు. ఇటలీలో రివా-రోచ్చి చేతికి కట్టే పట్టీని కనిపెట్టినది 1896లో. రష్యాలో కొరట్కాఫ్ స్టెతస్కోపుతో శబ్దములు వింటూ రెండు అంకెలనూ కొలిచే పద్ధతి చెప్పినది 1905లో. ఆ తరువాత కొన్ని దశాబ్దముల పాటు పరికరము వైద్యుని బల్ల మీదనే ఉన్నది, కొలత కూడ వైద్యుని పని వేళలలోనే జరిగింది. 1960ల చివరలో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు మనుషుల ధమనిలోనికి సన్నని గొట్టము పంపి, వారు తిరుగుతున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు కూడ పీడనమును నమోదు చేసి 1969లో ప్రచురించారు. రోజులో రక్తపుపోటు ఎంతగా ఎక్కి దిగుతుందో అప్పుడు స్పష్టముగా కనబడింది. ఇప్పుడు గొట్టములు అక్కరలేదు, దండ చేతికి పట్టీ, నడుముకు చిన్న యంత్రము చాలు.

జపానులో ఒహసామ అనే గ్రామీణ ప్రాంతపు ప్రజలను పరిశోధకులు ఏళ్ళ తరబడి అనుసరించి 2002లో ప్రకటించిన ఫలితము ఒకటి నన్ను బాగా కదిలించింది. రాత్రి దిగుదలలో ప్రతి 5 శాతము లోపమునకు గుండె, రక్తనాళముల వ్యాధులతో మరణించే అవకాశము సుమారు 20 శాతము పెరిగింది. 24 గంటల సగటు సాధారణముగా ఉన్నవారిలో కూడ ఈ సంబంధము కనిపించింది. అదే దేశములో 6,359 మందిపై జరిపి 2020లో ప్రచురించిన మరొక అధ్యయనములో నిద్రలో పై అంకె ఎక్కువ ఉన్నవారికి, ముఖ్యముగా రాత్రి పీడనము పైకి ఎక్కేవారికి, హృదయ వైఫల్యము ఎక్కువగా కలిగింది. స్పెయినులో 59,124 మంది రోగుల వివరములతో 2023లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనము కూడ వైద్యుని గదిలో చూసిన కొలత కంటె రాత్రి కొలతయే మరణపు ముప్పును బాగా సూచిస్తుందని తేల్చింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇవి అన్నీ సంబంధములను చూపిన అధ్యయనములు. రాత్రి పీడనము ఎక్కువగా ఉండడము గుండెకు స్వయముగా హాని చేస్తుందా, లేక మూత్రపిండములలోనో శ్వాసలోనో దాగిన వ్యాధికి అది జెండా మాత్రమేనా అనే వాదము వైద్యులలో ఉన్నది. నా మటుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. రోజులో మూడవ వంతు కాలము అధిక భారముతో పనిచేసే కండ దళసరి కాకుండా ఎలా ఉంటుంది? దళసరి అయిన జఠరిక బిరుసెక్కుతుంది, సరిగా సడలదు, రక్తమును సులభముగా నింపుకోదు. దాని వెనుక నున్న కర్ణిక సాగుతుంది, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు దారి ఏర్పడుతుంది. నీరు వెనుకకు ఊపిరితిత్తులలోనికి తన్నుతుంది. మాస్టారికి ఆ రాత్రి జరిగినది ఇదే. మెదడులోని సన్నని రక్తనాళములు, మూత్రపిండములలోని వడపోత గుచ్ఛములు కూడ ఈ దెబ్బకు లోనవుతాయి. ఇక జెండా అనే మాటకు వస్తే, జెండాను చూసి దాని క్రింద ఎవరు ఉన్నారో వెదకడము కూడ వైద్యమే కదా.

ఎవరు ఉంటారు దాని క్రింద? మొదటిది ఉప్పు, మూత్రపిండములు. మూత్రపిండములు ఆరోగ్యముగా ఉంటే పగలు తిన్న ఉప్పును చాలావరకు పగలే బయటకు పంపుతాయి. వాటి శక్తి తగ్గినప్పుడు, లేదా వాటి శక్తికి మించి ఉప్పు వచ్చినప్పుడు, మిగిలిపోయిన ఉప్పును నెట్టడానికి రాత్రి కూడ పీడనము ఎక్కువగా ఉండవలసి వస్తుంది. రాత్రి పలుమార్లు మూత్రమునకు లేవడము కొందరిలో ఈ రాత్రి పాటు పనికి గుర్తు. మగవారు దీనిని వయస్సుకో, ప్రోస్టేటు గ్రంథికో, చక్కెరకో ఆపాదించి ఊరుకుంటారు. ఆ కారణములు కూడ ఉండవచ్చు, అంతటితో వెదకడము ఆపకూడదు. ఉప్పు తగ్గిస్తే దిగనివారు కొందరు మరల దిగేవారుగా మారుతారని జపాను వైద్యులు 1990లలోనే చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అనగా సుమారు ఒక టీస్పూను, చాలునంటుంది. మన దేశములో జాతీయ స్థాయి సర్వేలో తేలిన సగటు సుమారు 8 గ్రాములు. మన తెలుగు ఇళ్ళ సంగతి నేను వేరే చెప్పాలా? రాత్రి భోజనము చివర పెరుగన్నములో ఆవకాయ, ప్రక్కన ఊరమిరపకాయ, పైన అప్పడము. కూరలో ఉప్పు తగ్గించామండీ అని చెప్పేవారు ఈ మూడింటినీ లెక్కలో వేయరు.

రెండవది నిద్రలో ఊపిరి ఆగిపోయే వ్యాధి, స్లీప్ ఆప్నియా. గొంతు వెనుక కండలు సడలి గాలిదారి మూసుకుంటుంది. పది సెకనులో, అర నిమిషమో, అంతకు మించియో గాలి ఆడదు. రక్తములో ప్రాణవాయువు పడిపోతుంది. మెదడు ఉలికిపడి అలారము మ్రోగిస్తుంది, సహవేదన నాడులు విజృంభిస్తాయి, రక్తపుపోటు ఒక్కసారిగా ఎగురుతుంది. మనిషి ఒక పెద్ద గురకతో గాలి పీల్చుకొని మరల నిద్రలోనికి జారుకుంటాడు, తెల్లవారి అతనికి ఏమీ గుర్తుండదు. తీవ్రముగా ఉన్నవారిలో ఇది గంటకు 30 సార్లు, ఆ పైన జరుగుతుంది. విశ్రాంతి తీసుకోవలసిన గుండె రాత్రంతా ఉలికిపడుతూనే ఉంటుంది. మనవాళ్ళు గురకను గాఢనిద్రకు గుర్తుగా భావిస్తారు. పడుకోగానే గురక పెడతాడు, అదృష్టవంతుడు అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మాస్టారి భార్య గుర్తుకు వస్తారు. ఈ వ్యాధికి ప్రత్యక్ష సాక్షి ప్రక్కన పడుకున్న మనిషి. ఆ సాక్షిని వైద్యుడు గదిలోనికి పిలిచి అడగడము లేదు. నేనూ పిలవలేదు.

మధుమేహము చాలాకాలముగా ఉన్నవారిలో రక్తపుపోటును సర్దే నాడులు దెబ్బతింటాయి. వీరిలో ఒక విచిత్రము కనబడుతుంది. లేచి నిలబడితే పీడనము పడిపోయి తల తిరుగుతుంది, పడుకుంటే పెరుగుతుంది. తల తిరుగుతున్నదని మందు తగ్గిస్తే రాత్రి పీడనము ఇంకా పైకి పోతుంది. మోకాళ్ళ నొప్పులకు నెలల తరబడి డైక్లోఫినాక్ వంటి బిళ్ళలు తమంతట తామే కొనుక్కొని మ్రింగేవారు మన ఊళ్ళలో లెక్కలేనంత మంది. ఆ బిళ్ళలు ఉప్పును, నీటిని శరీరములో నిలుపుతాయి. హైదరాబాదులో అమెరికా వేళలకు పనిచేసే మన పిల్లలకు, ఆసుపత్రులలో రాత్రి డ్యూటీలు చేసే నర్సులకు నిద్ర వేళలే తలక్రిందులు. వారి విషయములో రాత్రి అంటే గడియారపు రాత్రి కాదు, వారు నిద్రించే వేళ అని వైద్యులు గ్రహించాలి.

ఇక బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలి అనే ప్రశ్న. ఇది వ్రాయకపోతే మీలో కొందరు ఈ రాత్రి నుండే పొద్దుటి బిళ్ళను రాత్రికి మార్చుకుంటారని నాకు తెలుసు. 2019లో స్పెయిను నుండి ఒక అధ్యయనము వచ్చింది. బిళ్ళలు పడుకునే ముందు వేసుకుంటే గుండెపోటులు, పక్షవాతములు సగానికి దగ్గరగా తగ్గుతాయని చెప్పింది. అంత ఫలితము నమ్మశక్యముగా లేదని, అధ్యయనము జరిపిన తీరు స్పష్టముగా లేదని చాలామంది నిపుణులు అప్పుడే సందేహించారు. తరువాత బ్రిటనులో 21,104 మందిని రెండు వర్గములుగా చేసి, ఒక వర్గము వారికి ఉదయము, మరొక వర్గము వారికి సాయంకాలము మందులు వేసుకొమ్మని చెప్పి ఏళ్ళ తరబడి చూశారు. 2022లో లాన్సెట్‌లో వచ్చిన దాని ఫలితము ప్రకారము రెండు వర్గముల మధ్య తేడా లేదు. కాబట్టి అందరికీ రాత్రి బిళ్ళ మేలు అని వాట్సాపులో తిరిగే సలహాకు ఆధారము లేదు. అవసరము లేనివారిలో రాత్రి పీడనము మరీ పడిపోవడము కూడ మంచిది కాదు. కంటి నరమునకు రక్తము చాలక చూపు దెబ్బతినే ప్రమాదము కొందరికి, ముఖ్యముగా గ్లాకోమా ఉన్నవారికి, ఉన్నది. వృద్ధులు రాత్రి లేచి పడిపోతారు.

వేళ కంటె ముఖ్యమైనది మందు ఎంతసేపు పనిచేస్తుందన్నది. మాస్టారు ఆరింటికి వేసుకొనే బిళ్ళ పగలు బాగా పనిచేసి సాయంకాలమునకు నీరసపడేది. మందు మంచి ఊపులో ఉన్న తొమ్మిదింటికి నేను పీడనము చూసేవాడిని. పరీక్ష పత్రము ముందే చేతికిచ్చి పరీక్ష పెట్టినట్లు అయింది. ఎమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్ వంటి దీర్ఘకాలము పనిచేసే మందులు ఏ వేళ వేసుకున్నా రోజంతా కాపు కాస్తాయి. మీ మందు ఏ రకమో మీ వైద్యుని అడగండి, మార్చవలసి వస్తే ఆయన మారుస్తారు.

మరి 24 గంటల పరీక్ష అందరికీ కావాలా? అక్కరలేదు. పైన చెప్పిన లక్షణములు ఉన్నవారికి, మూడు మందులు వాడినా పీడనము లొంగనివారికి, ఒకసారి పక్షవాతమో హృదయ వైఫల్యమో వచ్చినవారికి తప్పక కావాలి. పట్టీ పగలు 15 నుండి 30 నిమిషములకు ఒకసారి, రాత్రి 30 నిమిషములకో గంటకో ఒకసారి దానంతట అదే బిగుసుకొని వదులుతుంది. బిగుసుకునేటప్పుడు చేయి కదల్చకూడదు. ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో కాగితము మీద వ్రాసుకోవాలి, లేకపోతే యంత్రము మీ మెలకువను కూడ నిద్రగా లెక్క కడుతుంది. మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టదు, నిజమే. పట్టకపోతే ఆ సంగతి కూడ చెప్పండి, ఫలితమును ఆ మేరకు అర్థము చేసుకోవచ్చు. వైద్యుని గదిలో 140/90 హద్దు అయినా, ఈ పరీక్షలో పగటి సగటుకు 135/85, నిద్రలోని సగటుకు 120/70 హద్దులు. నిద్రలో 120 దాటితే దానిని అధిక రక్తపుపోటుగానే చూడాలి.

నగరములలో ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలని అరవై డెబ్బది రక్తపరీక్షలు కలిపి అమ్ముతున్నారు. వాటిలో సగము ఆరోగ్యవంతునికి ఏ ప్రయోజనము లేనివి. ఈ ఒక్క పరీక్షను మాత్రము అడిగి చేయించుకోవలసి వస్తున్నది. చిన్న పట్టణములలో అడిగినా దొరకదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఇటువంటి యంత్రములు నాలుగైదు ఉంచి, ఒక టెక్నీషియనుకు శిక్షణ ఇస్తే పెద్ద ఖర్చు కాదు. పాడైన గుండెకు, మూత్రపిండములకు ప్రభుత్వ పథకముల క్రింద చెల్లించే సొమ్ముతో పోలిస్తే అది ఒక లెక్కలోనిది కాదని నా అభిప్రాయము.

యంత్రము దొరకని చోట ఉన్నవారు చేయగలిగినది కొంత ఉన్నది. ఇంట్లో దండ చేతికి కట్టే మంచి పరికరముతో వారము రోజులు, రాత్రి పడుకునే ముందు, ఉదయము లేచి మూత్ర విసర్జన చేసిన తరువాత, కాఫీకి, బిళ్ళకు ముందు, అయిదు నిమిషములు కూర్చొని రెండేసి సార్లు చూసి వ్రాయండి. ఉదయపు సగటు 135/85 దాటుతుంటే రాత్రిని అనుమానించవలసినదే. ఆ కాగితము వెనుక రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో, గురక ఉన్నదో లేదో, పగలు కునుకుపాట్లు పడుతున్నారో లేదో వ్రాయండి. గురక సంగతి మీరు కాదు, మీ ఇంట్లోవారు వ్రాయాలి.

మాస్టారికి నిద్ర పరీక్ష చేస్తే తీవ్రమైన ఆప్నియా ఉన్నదని తేలింది. ముక్కుకు ముసుగు తొడిగి గాలిని ఒత్తిడితో పంపే సిపాప్ యంత్రము మొదటి నెల ఆయనకు నచ్చలేదు. ఏనుగు తొండము తగిలించుకొని పడుకున్నట్లు ఉన్నదన్నారు. భార్య పట్టు వదలలేదు. పాత బిళ్ళ స్థానములో దీర్ఘకాలము పనిచేసేదానిని, దానితో పాటు ఉప్పును బయటకు పంపే మందును ఇచ్చాము. ఆరు నెలల తరువాత మరల 24 గంటల పరీక్ష చేస్తే నిద్రలో సగటు 124/72కు దిగింది. జఠరిక గోడలు కొంత పలుచబడ్డాయి గాని పూర్వస్థితికి రాలేదు, మెట్లు ఎక్కితే ఇప్పటికీ ఆయాసము వస్తుంది. ఆవిడ ఇప్పుడు రాత్రులు మేలుకొని ఆయన ఊపిరిని కనిపెట్టుకోవలసిన పని లేదు. ఆవకాయ విషయములో మాత్రము మాస్టారికీ నాకూ ఇంకా ఒప్పందము కుదరలేదు. వారానికి రెండు బద్దలని నేనంటే, ఏడని ఆయన అంటున్నారు.